ఉయ్యూరు చక్కెర బ్రెజిల్‌తో ఎందుకు పోటీ పడలేకపోతోంది?

దుబాయ్ జెబెల్ అలీ రేవు దగ్గర అల్ ఖలీజ్ షుగర్ అనే పెద్ద రిఫైనరీ ఉంది. అక్కడికి ముడి చక్కెర ఎక్కువగా బ్రెజిల్ నుంచే ఓడల్లో వస్తుంది. నిజానికి దుబాయ్‌కి బ్రెజిల్ కంటే మన దేశమే ఎంతో దగ్గర. 1941 నుంచి కేసీపీ ఫ్యాక్టరీతో పేరు తెచ్చుకున్న ఉయ్యూరు లాంటి చెరకు ఊళ్లు మనకి చాలానే ఉన్నాయి. మరి దగ్గరున్న చక్కెర ఎందుకు వెళ్లట్లేదు?

కిలో లెక్క చూస్తే

చెరకు కనీస ధర (ఎఫ్ఆర్‌పీ)ని కేంద్రం ఏటా ప్రకటిస్తుంది. 2025-26 సీజన్‌కి అది క్వింటాకు 355 రూపాయలు. క్వింటా చెరకు నుంచి 10.25 కిలోల చక్కెర వస్తుందన్న లెక్క మీద ఈ ధర పెట్టారు. భాగించి చూస్తే కిలో చక్కెరలో చెరకు ఖర్చే 34 రూపాయలు దాటుతుంది. కూలీ, రవాణా, వడ్డీ దీనికి అదనం. మొలాసిస్, పిప్పి అమ్మితే ఫ్యాక్టరీకి కొంత తిరిగొస్తుంది.

2025 చివర్లో న్యూయార్క్ మార్కెట్‌లో ముడి చక్కెర పౌండు 15 సెంట్ల చుట్టూ తిరిగింది. మన లెక్కలో అది కిలో సుమారు 30 రూపాయలు. అంటే అక్కడి చక్కెర ధర, ఇక్కడి చెరకు ఖర్చు కంటే తక్కువ!

బ్రెజిల్‌లో తోటలు పెద్దవి, కోత ఎక్కువగా మెషిన్లతోనే. చాలా మిల్లులు ధరని బట్టి చక్కెర అయినా చేస్తాయి, ఇథనాల్ అయినా చేస్తాయి. చెరకు రేటు కూడా ఆ రెండింటి ధరతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. డెల్టాలో చిన్న కమతాలు, చేతి కోత. పైగా కూలీ రేట్లు ఏటా పెరుగుతున్నాయి.

ధర ఉన్నప్పుడు గేటు మూత

2021-22లో మన దేశం సుమారు 110 లక్షల టన్నుల చక్కెర ఎగుమతి చేసింది. 2022 జూన్ నుంచి కేంద్రం ఆంక్షలు పెట్టింది. 2023 నవంబర్‌లో పౌండు ధర 28 సెంట్లకి, అంటే కిలో 50 రూపాయల పైకి చేరింది. ఆ సీజన్‌లో మాత్రం మన ఎగుమతులకి అనుమతి లేదు. దీనివల్ల రంజాన్‌కి షీర్ ఖుర్మా చేసుకునే ఇంటికి చక్కెర ధర అదుపులో ఉంది. ఆ మేలుకి మూల్యం మాత్రం ఫ్యాక్టరీ మీద, దాని వెనక రైతు మీద పడింది.

సబ్సిడీ ఇచ్చి పంపుదామన్నా చిక్కే. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా ఫిర్యాదు మీద డబ్ల్యూటీఓ ప్యానెల్ 2021 డిసెంబర్‌లో మన సబ్సిడీలని తప్పుపట్టింది. దాని మీద భారత్ అప్పీల్ చేసింది.

రైతు ఏం చూసుకోవాలి

రికవరీ తగ్గితే ధర కూడా తగ్గుతుంది. 2025-26 సీజన్‌కి 9.5 శాతం, అంతకంటే తక్కువ వచ్చినా క్వింటాకు 329.05 రూపాయలు మాత్రం ఇవ్వాల్సిందేనని పెట్టారు. చెరకు నియంత్రణ ఉత్తర్వు 1966 ప్రకారం తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. కౌలు రైతులైతే తోలకం చీటీలు జాగ్రత్తగా దాచుకోవాలి, రేపు బాకీ అడగాలంటే అవే ఆధారం.

మంచి విత్తనం, సమయానికి కోత ఉంటే రికవరీ పెరుగుతుంది. అది రైతు, ఫ్యాక్టరీ కలిసి చేసుకునే పని. ఎగుమతి గేటు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో సీజన్‌కి ముందే చెప్పడం మాత్రం ఢిల్లీ పని. అది తెలియకుండా ఏడాది పంట వేయమంటే రైతు వరి వైపే చూస్తాడు.