అంబాసిడర్ ఇంజన్‌లో ఆయిల్ ఎటు పోతోంది?

అంబాసిడర్ కారును ఎరుగని తెలుగువారు అరుదు. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. అయినా పాత బండ్లను కాపాడుకునేవారు నేటికీ ఉన్నారు. వారు తరచుగా చెప్పే మాట "బండి ఆయిల్ తాగుతోంది" అని. ఆ మాట వినగానే ఇంజన్ దించి బోరు పని మొదలుపెడితే వేలకు వేలు ఖర్చు. అసలు లోపం ఒక చిన్న కార్క్ ప్యాకింగులో ఉండవచ్చు. అందుకే లోపాన్ని గుర్తించే పద్ధతిని మనం తెలుసుకుందాం.

కారుతోందా? కాలుతోందా?

ఆయిల్ పోవడానికి ప్రధానంగా రెండు దారులు. బయటికి కారడం, లోపల కాలడం. ముందుగా బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ చల్లారాక ఆయిల్ మట్టాన్ని, తిరిగిన కిలోమీటర్లను రాసుకోవాలి. ఇంజన్‌ను బయట శుభ్రంగా తుడిచి, కొంతదూరం నడిపి, రాత్రికి కింద అట్ట పరచాలి. కారిన ఆయిల్ కిందికి, వెనక్కి పాకుతుంది. కనుక తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్న చోటును ముందు అనుమానించాలి.

కాలుతుంటే పొగ నీలంగా వస్తుంది. నిలిపిన బండి స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి తగ్గితే వాల్వ్ గైడ్లు, సీళ్ళు చూడాలి. బరువు లాగేటప్పుడు ఆగకుండా వస్తే రింగులు, బోరు అరిగి ఉండవచ్చు. దీన్ని కంప్రెషన్ గేజ్‌తో నిర్ధారించాలి. ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూసినప్పుడు ఒత్తిడి బాగా పెరిగితే లోపం రింగులదే లేదా బోరుదే.

చిన్న పనులు ముందు

మొదట బ్రీదర్ గొట్టం శుభ్రం చేయాలి. అది మూసుకుంటే లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సందుల్లోంచి బయటికి నెడుతుంది. తరువాత ట్యాపెట్ కవర్ల ప్యాకింగులు మార్చాలి. బోల్టులు అతిగా బిగిస్తే కార్క్ నలిగి మళ్ళీ కారుతుంది. ఆయిల్‌ను పై గీత దాటి పోయకూడదు.

ఒక విశేషం. పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు వెనుక రబ్బరు సీలు ఉండదు. షాఫ్టుపై మరలాంటి గాడి తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి తోస్తుంది. ఇంజన్ ఆగితే ఆ పనీ ఆగుతుంది. కనుక నిలిపిన బండి కింద ఒకటి రెండు చుక్కలు పడితే భయపడనక్కరలేదు. క్లచ్ తడిసి జారేంతగా కారితేనే ఇంజన్ దించాలి.

ఏదైనా మట్టం కింది గీతకు చేరనివ్వకూడదు. ఆయిల్ అందక బేరింగులు పోతే నష్టం ఎన్నో రెట్లు. మనలో మెకానిక్ పనిలో స్థిరపడే తమ్ముళ్ళకు మా మనవి ఒక్కటే. నాడి చూడకుండా మందు ఇవ్వరాదు. పరీక్షించకుండా ఇంజన్ విప్పరాదు.