వార్తల్లో పదం: ఎక్స్‌జీ

ఫుట్‌బాల్ మ్యాచ్ విరామంలో తెరపై 1.4, 0.6 లాంటి అంకెలు కనిపిస్తాయి. అదే ఎక్స్‌జీ, అంటే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. గోల్‌కు ఎంత దూరం, ఏ కోణం, తలతోనా కాలితోనా అన్నది చూసి, పాత షాట్లతో పోల్చి ప్రతి ప్రయత్నానికీ 0 నుంచి 1 మధ్య విలువ కడతారు; ఒక జట్టు షాట్ల విలువలన్నీ కలిపితే తెర మీది అంకె వస్తుంది. పెనాల్టీకి సుమారు 0.76.

2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్ గుర్తుందా? కేరళ బ్లాస్టర్స్ 1-0తో ముందుంది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి వాలీతో గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు, హైదరాబాద్ ఎఫ్‌సీ ఊపిరి పీల్చుకుంది. అంత దూరపు షాట్లకు మామూలుగా 0.1 కూడా రాదు. పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదైంది.

అంకె చూపించి ఊరుకునే విశ్లేషణ నాకు నచ్చదు. డిఫెండర్ ఎటు జరిగాడో, ఖాళీ ఎలా దొరికిందో తెర మీద బాణం గీసి, తెలుగులో చెప్పాలి. ఆసిఫాబాద్‌లో బంతి ఆడే పిల్లలకు రేపటి ఆటలో పనికొచ్చేది అదే.