వ్యాయామం – బరువు తగ్గుదల: నంద్యాల, ఆళ్లగడ్డ దారిలో ఒక లెక్క

ఉపోద్ఘాతం

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు రోడ్డు మార్గాన సుమారు 40 కిలోమీటర్లు. 70 కిలోల బరువున్న వ్యక్తి ఆ దూరాన్ని మామూలు వేగంతో నడిచాడనుకుందాం. ఊరక కూర్చున్నా ఖర్చయ్యే శక్తిని మినహాయిస్తే, నడక వల్ల అదనంగా వ్యయమయ్యేది దాదాపు 1400 కిలోకేలరీలు. శరీరంలో ఒక కిలో కొవ్వు నిల్వ చేసే శక్తి సుమారు 7700 కిలోకేలరీలు. అంటే ఒక కిలో కొవ్వు కరగాలంటే ఆ దారిని ఐదారుసార్లు నడవాలి. అదీ తిండి ఏమాత్రం పెరగనప్పుడు. వ్యాయామానికీ బరువుకూ గల సంబంధం గురించి జనసామాన్యంలో ఉన్న అంచనా ఈ లెక్కకు చాలా దూరంగా ఉంది. ఆ దూరం వల్ల జరిగే నష్టాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నష్టం ఇది: వైద్యుడు చెప్పాడని నడక మొదలుపెట్టినవారు రెండు మూడు నెలల తరువాత కాటా ఎక్కుతారు. ముల్లు పెద్దగా కదలదు. నడక వల్ల ప్రయోజనం లేదని మానేస్తారు. వారిలో మధుమేహం అంచున ఉన్నవారు కూడా ఉంటారు.

ముల్లు ఎందుకు కదలదు?

మొదటి కారణం అంకగణితమే. రోజుకు అరగంట నడకతో 70 కిలోల వ్యక్తికి అదనంగా ఖర్చయ్యేది 90 కిలోకేలరీల లోపే. పది గ్రాముల నూనెలో ఉన్నది సరిగ్గా 90. ఉదయం నడిచివచ్చి ఉగ్గానితో పాటు రెండు బజ్జీలు తింటే, నడకలో పోయినదంతా నూనె రూపంలోనే తిరిగి వస్తుంది. ఏమీ ఎక్కువ తినకపోయినా, నెల రోజుల నడక కరిగించేది కిలోలో మూడో వంతు మాత్రమే. నంద్యాల ఎండల్లో ఒకపూట చెమటోడ్చినవారికి కిలో తగ్గినట్టు కనిపించవచ్చు. అది నీరు, చెంబెడు మజ్జిగతో చాలావరకు తిరిగి వస్తుంది.

రెండవ కారణం సూక్ష్మమైనది. శరీరం ఖర్చును సర్దుబాటు చేసుకుంటుంది. ఎగువ అహోబిలం నుండి జ్వాలా నరసింహుని సన్నిధికి ఎక్కి దిగినవారు ఆ సాయంత్రం రోజూకంటే ఎక్కువ తింటారు, మరునాడు తక్కువ కదులుతారు. అది బలహీనత కాదు, దేహధర్మం. టాంజానియాలో వేట, సేకరణలతో జీవించే హడ్జా ప్రజలపై 2012లో వెలువడిన అధ్యయనంలో, వారు అంతగా శ్రమిస్తున్నప్పటికీ, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వారి రోజువారీ మొత్తం శక్తి వ్యయం పాశ్చాత్య నగరవాసుల వ్యయానికి భిన్నంగా లేదని తేలింది. అమెరికాలో 464 మంది స్థూలకాయులైన స్త్రీలపై జరిపిన పరిశోధన (2009) మరింత స్పష్టమైనది. ఆరు నెలల పాటు వారానికి సగటున 72, 136, 194 నిమిషాలు వ్యాయామం చేసిన మూడు వర్గాలలో తగ్గిన బరువు వరుసగా 1.4, 2.1, 1.5 కిలోలు. ఎక్కువ చేసినవారు ఎక్కువ తగ్గలేదు. కానీ మూడు వర్గాలలోనూ నడుము కొలత తగ్గింది. ఈ రెండవ ఫలితాన్ని చాలామంది ఉటంకించరు.

శ్రమ తగ్గిన నేల

అయితే శ్రమకు బరువుతో సంబంధమే లేదా? ఉంది, కానీ అది వేరొక చోట ఉంది. కలకత్తా సమీపంలోని జనపనార మిల్లు ఉద్యోగులపై ఝాన్ మేయర్ బృందం 1956లో ప్రచురించిన అధ్యయనం దీనికి మూలం. బరువైన పని చేసేవారు ఎక్కువ తిన్నారు, కానీ బరువు పెరగలేదు. కూర్చుని పనిచేసేవారు తేలిక పని చేసేవారికంటే ఎక్కువ తిన్నారు, లావుగా ఉన్నారు. ఒక స్థాయి కదలిక ఉన్నంతవరకు ఆకలి అవసరాన్ని అనుసరిస్తుంది. ఆ స్థాయి దిగువకు పోతే ఆకలికి పగ్గం ఉండదు.

ఈ దృష్టితో చూస్తే నంద్యాల, ఆళ్లగడ్డల మార్పు అర్థమవుతుంది. కె.సి. కాలువ కింది వరిపొలాల్లో కొడవలి స్థానాన్ని కోతయంత్రం తీసుకుంది. ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఉలి, సుత్తితో పాటు విద్యుత్ కోత పరికరాలు చేరాయి. ఆ శ్రమ పోవడం మంచిదే, దానికోసం విలపించనక్కరలేదు. కానీ పని తగ్గినంతగా కంచంలో అన్నం తగ్గలేదు. ఇందుకు విరుగుడుగా కొర్రలు తినమంటున్నారు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ‘సూర్యనంది’ వంటి కొర్ర రకాలను అందించిన చోటు కనుక ఈ ప్రాంతానికి ఆ ధాన్యం కొత్త కాదు. అయితే వంద గ్రాముల కొర్రల్లోనూ, బియ్యంలోనూ ఉన్న శక్తి ఇంచుమించు సమానమే, సుమారు 330 నుండి 350 కిలోకేలరీలు. కొర్రల్లో పీచు ఎక్కువ, త్వరగా కడుపు నిండుతుంది. ఎంత తిన్నా ఫరవాలేదన్నది మాత్రం అపోహ.

కాటాకు కనిపించనిది

చెన్నైకి చెందిన ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిపై చేసిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. నడక, ఆహార నియమాలు పాటించినవారిలో మూడేళ్లలో మధుమేహం వచ్చినవారు 39.3 శాతం, సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో 55 శాతం. మొదటి వర్గంలో బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కాటా ముల్లును మాత్రమే నమ్మి ఉంటే వారిలో ఎందరో మధ్యలోనే మానేసి ఉండేవారు. కదిలే కండరం రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్రహించగలదు. ఈ మేలుకు బరువు తగ్గడంతో నిమిత్తం లేదు.

బరువు తగ్గడానికి ఆహారం ప్రధానమైతే, తగ్గినది తిరిగి రాకుండా ఉండటానికి వ్యాయామం ప్రధానం. ఆహారం తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. బరువులు ఎత్తడం వంటి వ్యాయామం ఆ నష్టాన్ని తగ్గిస్తుంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా నిలుపుకున్నవారి వివరాలను అమెరికాలో 1994 నుండి నమోదు చేస్తున్నారు. వారిలో అత్యధికులు రోజుకు ఇంచుమించు గంటసేపు వ్యాయామం చేసేవారే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను, రెండు రోజుల కండరాల వ్యాయామాన్ని సూచించాయి. ‘ఉదయం నడవండి’ అని స్త్రీలకు చెప్పేవారు ఆ వేళ వారు పొయ్యి దగ్గర ఉంటారన్నది మరచిపోతారు. పది నిమిషాల చొప్పున మధ్యాహ్నం, సాయంత్రం నడిచినా లెక్కలోకి వస్తుంది. కొలవదలచినవారికి కాటాకంటే కుట్టుపనివారి టేపు మేలు. భారతీయుల విషయంలో నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచనగా పరిగణిస్తారు. నెలకొకసారి, ఉదయం పరగడుపున, ఊపిరి వదిలిన తరువాత, బొడ్డు ఎత్తున కొలిచి రాసుకోవాలి.