జెనీవాలో రూసో ద్వీపము

స్విట్జర్లాండులోని జెనీవా నగరమునకు పిల్లలతో పోవువారిని మొదట ఆకర్షించునది సరస్సునుండి 140 మీటర్ల యెత్తునకు ఎగయు నీటిధార. ఒక శని, ఆదివారములు అచట గడిపిన మా కుటుంబము కూడ దానినే చూచి మురిసినది.

కాని ఉపాధ్యాయులు తప్పక చూడదగినది మరియొకటి కలదు. రోను నది సరస్సును వీడి సాగుచోట ఒక చిన్న ద్వీపము, దానిపై రూసో విగ్రహము. 1712లో ఆయన ఈ నగరముననే జన్మించెను. బాలుని స్వభావము నెఱిగి విద్య గఱపవలెనని బోధించిన ఆయన ‘ఎమీల్’ గ్రంథమును, మతమునకును ప్రభుత్వమునకును ముప్పని తలచి, 1762లో నగరపాలకులు దహింపజేసిరి. 1835లో అదే నగరము ఈ విగ్రహమును నెలకొల్పినది.

“కాల్చినవాళ్ళే బొమ్మ ఎందుకు పెట్టారు, తాతయ్యా?” అని మా మనుమరాలు ప్రశ్నించినది. 73 ఏండ్లలో పాలకులు మారిరి, గ్రంథము నిలిచినది. తరగతిలో ప్రశ్నించు బాలుని గద్దించుటకు ముందు ఉపాధ్యాయుడు ఆ ద్వీపమును ఒకమారు స్మరించుట మేలు.