సంఘమునకు వెబ్‌సైటు: తగిన సాధనము నెన్నుకొనుట యెట్లు?



నందిపేట్ ప్రాంతమున పసుపు పండించువారు తమ సరుకును నిజామాబాదు మార్కెట్టు యార్డునకు గొనిపోవుదురు. మన జిల్లావారు కొందరు మంచి ధర నాశించి మహారాష్ట్రమునందలి సాంగ్లీ వఱకును పోవుచుందురు. పంట మనది, చెమట మనది. కాని తుదకు దానిని కొను వర్తకు డెచ్చట నున్నాడో మన మెఱుగము. మన కాడి యెట్టిదో, గోళ యెట్టిదో యతడును ఎఱుగడు. ఈ యెడమును తగ్గించుటకు సంఘము తన పేర నొక వెబ్‌సైటును ఏర్పఱచుకొనుట మంచి యుపాయము. దానికి గొప్ప చదువు గాని, పెద్ద పెట్టుబడి గాని యక్కఱలేదు. అయితే ఏ సాఫ్ట్‌వేరుతో దానిని నిర్మింపవలెనో తొందరపడి నిర్ణయింపరాదు.

ఒకే వాకిలిని నమ్ముకొనుట యెంత ప్రమాదమో మన జిల్లావారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినపుడు, దానిని నమ్మి చెఱకు నాటినవారి పాట్లు మన మెఱిగినవే. అంతర్జాలమునను అట్టి కథ యొకటి జరిగినది. 1994లో మొదలైన జియోసిటీస్ అను సంస్థ యెల్లరకును ఉచితముగ పుటలు కట్టుకొనుటకు చోటిచ్చుచు వచ్చెను. 1999లో యాహూ కంపెనీ దానిని కొనెను. 2009 అక్టోబరులో అమెరికాయందు దానిని మూసివేసెను. తమ పుటలకు ముందుగ నకళ్లు తీసి యుంచుకొనని వారు వానిని గోలుపోయిరి.

కావున సాధనము నెన్నుకొనుటకు ముందు, పట్టా భూమికిని కౌలు భూమికిని గల భేదమును తలచుకొనుడు. డొమైను పేరు, అనగా వెబ్‌సైటు చిరునామా, పట్టా వంటిది. ఏటేట రుసుము చెల్లించునంతకాలము అది మనది. సహకార సంఘములకు మాత్రమే యిచ్చుటకై ‘.కోప్’ అను ప్రత్యేకమైన చిరునామా తరగతి 2000లో ఆమోదింపబడినది. మన దేశపు ‘.ఇన్’ తరగతియు కలదు. వీనిలో ఏది తీసికొన్నను అది సంఘము పేరనే యుండవలెను.

నే నెఱిగిన యొక చిన్న సంఘమువారు ఈ పనినంతటిని ఒక యువకునికి అప్పగించిరి. అతడు చిరునామాను తన పేరనే వ్రాయించుకొనెను. ఆ పిదప ఉద్యోగార్థియై గల్ఫు దేశమునకు పోయెను. మరుసటి యేడు రుసుము కట్టువారు లేక వెబ్‌సైటు మాయమయ్యెను. అతనిది ద్రోహము కాదు. సంఘమువారు అడుగకపోవుటయే లోపము.

ఇక సాధనముల మాట. గూగుల్ సైట్స్ ప్రారంభకులకు మిక్కిలి సులభమైనది. గూగుల్ ఖాతా యున్నచో ఖర్చు లేదు. అక్షరములను, ఫొటోలను చేతితో జరిపినట్లే అమర్చుకొనవచ్చును. మన డొమైను పేరును దానికి తగిలింపవచ్చును. కాని అందలి పుటలను ఉన్నవి యున్నట్లుగ వేఱొక చోటికి తరలించుట కష్టము. విక్స్ అనునదియు సులభమే, అందమైన నమూనాలు గలదే. అయితే ఉచిత పద్ధతిలో దాని ప్రకటన మన పుటపై నుండును. సొంత చిరునామా కావలెనన్న రుసుము చెల్లింపవలెను. అందు కట్టిన వెబ్‌సైటును వేఱొక హోస్టింగునకు మార్చుకొన వీలు లేదు. వర్డ్‌ప్రెస్ 2003లో వెలువడినది. ఈ సాఫ్ట్‌వేరు ఎల్లరకును ఉచితము. హోస్టింగునకు మాత్రము సొమ్ము కావలెను. నేర్చుకొనుటకు కొన్ని దినములు పట్టును. అప్పుడప్పుడు దానిని నవీకరించుచుండవలెను. కాని వ్రాసినదంతయు మూట గట్టుకొని వేఱొక చోటికి పోవచ్చును.

మొదట గూగుల్ సైట్సుపై ఒకటి రెండు పుటలతో చేయి తిరుగనిచ్చి, పని పెరిగిన పిమ్మట వర్డ్‌ప్రెస్సునకు మారుట చిన్న సంఘములకు క్షేమమని నా యభిప్రాయము. చిరునామా మనదే యైనచో ఇల్లు మారినను చుట్టము దారి తప్పడు. వ్రాతల నకలును, ఫొటోలను వేఱుగ భద్రపఱచుకొన్నచో మార్పు భారము కాదు.

ఏ సాధనమునైనను ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షింపుడు. మన గుమాస్తా ఇతరుల సాయము లేక ఒక పూటలో ధర మార్చగలడా? చిన్న సెల్‌ఫోనుపై పుట చక్కగ కనబడునా? మొదటి యేటి రాయితీ ధర కాక, రెండవ యేటి ధర యెంత? విడిచిపోవునపుడు మన వ్రాత మన చేతికి వచ్చునా?

తెలుగు వ్రాతను గుఱించి యొక మాట. అచ్చు పనికై పాత ఫాంటులలో కొట్టించిన విషయమును అట్లే యతికించినచో చూచువారికి అర్థము లేని గుర్తులు కనబడును. యూనికోడు తెలుగులోనే వ్రాయవలెను. పొరుగు రాష్ట్రముల వర్తకులకై ఇంగ్లీషులోను ఒక పుట యుండుట మేలు. పంట రకము, పరిమాణము, నిజమైన ఫొటో, సంఘపు ఫోను సంఖ్య, వచ్చు దారి: మొదటికి ఇంతే చాలును.

మఱొక జాగ్రత్త. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు 63,000 వఱకు కంప్యూటరీకరించు పథకమును 2022లో కేంద్ర ప్రభుత్వ మామోదించినది. అది ఖాతాల పని. వెబ్‌సైటు వాకిటి పలక. సభ్యుల అప్పులు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరములు వాకిటి పలకపై వ్రాయదగినవి కావు.

రాబోవు మహాజన సభలో ఈ విషయమును చర్చకు పెట్టుడు. చిరునామా సంఘము పేర నుండవలెననియు, పాస్‌వర్డు కార్యదర్శితోపాటు మఱొక బాధ్యుని వద్దను భద్రముగ నుండవలెననియు, రుసుము గడువు తేది సంఘపు దస్తరములో నమోదు కావలెననియు ముందుగ తీర్మానము వ్రాసికొనుడు. సాఫ్ట్‌వేరు నెన్నుకొనుట ఆ తరువాతి పని. గట్టు సరిచూచుకొన్న పిదపనే గదా నాగలి కట్టుట!