లేజర్ కోత యంత్రం: కొనేముందు ఏం చూడాలి?

ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ ప్రాంతపు దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో చింతలనార్ అనే ఊరుంది. బస్తర్ అనగానే ఢోక్రా ఇత్తడి బొమ్మలు, ఇనుప కళారూపాలు, కొయ్య చెక్కడాలు, వెదురు సామాను గుర్తుకొస్తాయి. చింతలనార్ యువకుడొకడు కొయ్యమీద, వెదురుమీద బొమ్మలు కోసి అమ్ముదామని ఒక చిన్న లేజర్ యంత్రం కొనబోతున్నాడనుకుందాం. దుకాణదారు మొదట చెప్పేది అది ఎన్ని వాట్లదో. కాని ఆ యువకుడు అడగవలసిన మొదటి ప్రశ్న వేరు: ‘నేను కోయబోయే వస్తువు ఈ కాంతిని పీల్చుకొంటుందా?’

కాంతి కత్తిలా ఎలా పనిచేస్తుంది?

లేజర్ కాంతిని కటకంతో సన్నని బిందువుగా కేంద్రీకరిస్తే, అక్కడి పదార్థం ఆ కాంతిని శోషించుకొని విపరీతంగా వేడెక్కుతుంది. కరిగి, కాలి, ఆవిరైపోతుంది. అదే కోత. కాంతి వెనక్కు పరావర్తనం చెందినా, వస్తువుగుండా దూసుకుపోయినా కోత ఉండదు.

చిన్న పరిశ్రమల్లో వాడే యంత్రాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది కార్బన్ డై ఆక్సైడ్ లేజర్. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనిపెట్టినవారు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన సి.కె.ఎన్. పటేల్. దీని తరంగదైర్ఘ్యం సుమారు 10,600 నానోమీటర్లు. కంటికి కనిపించని పరారుణ కాంతి. కొయ్య, కాగితం, తోలు, ఆక్రిలిక్ దీన్ని బాగా శోషించుకొంటాయి.

రెండోది డయోడ్ లేజర్. దీని నీలికాంతి తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. పలుచని ప్లైవుడ్‌ను, అట్టను ఇది కోస్తుంది. పారదర్శకమైన ఆక్రిలిక్‌ను మాత్రం కోయలేదు. నీలికాంతి దానిగుండా వెళ్లిపోతుంది కదా! ఇనుము, ఇత్తడి రేకులను కోయడం ఈ రెండు రకాల చిన్న యంత్రాలవల్ల కాదు. దానికి ఖరీదైన ఫైబర్ లేజర్ కావాలి.

వాట్ల లెక్క

డయోడ్ యంత్రాల ప్రకటనల్లో తరచు కనిపించేది యంత్రం తీసుకొనే విద్యుత్తు. బయటికి వచ్చే కాంతి అందులో కొంతభాగమే. కాబట్టి ‘కాంతి సామర్థ్యం ఎంత?’ అని విడిగా అడగాలి. 40 వాట్ల కార్బన్ డై ఆక్సైడ్ యంత్రం 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను సులభంగా కోస్తుంది. కాని దాని గాజు గొట్టానికి వేల వోల్టుల విద్యుత్తు అందాలి, నీళ్లు ఆగకుండా ప్రవహించాలి. నీళ్ల పంపు ఆగిపోయినా లేజర్ వెలుగుతూ ఉంటే గొట్టం పగిలిపోవచ్చు. నీళ్లు ఆగగానే లేజర్‌ను ఆపే ఏర్పాటు ఉందో లేదో చూడాలి. కరెంటు తరచు పోయేచోట నీళ్ల అవసరం లేని, తక్కువ విద్యుత్తుతో నడిచే డయోడ్ యంత్రమే మేలు.

పొగ, కన్ను, నిప్పు

అసలు ప్రమాదం పొగలో ఉంది. రెక్సిన్, ఫ్లెక్సీ బానర్లు, బోర్డులకు వాడే ఫోం షీట్లు చాలావరకు పీవీసీతో చేసినవి. పీవీసీని లేజర్‌తో కోస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. తేమతో కలిసి ఆమ్లమవుతుంది. ఊపిరితిత్తులను గాయపరుస్తుంది, యంత్రాన్ని తుప్పుపట్టిస్తుంది.

పీవీసీని గుర్తించడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. రాగితీగను మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కు తాకించి, తిరిగి మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉండవచ్చు. దాన్ని కోయకూడదు. ఈ పరీక్షను ఉపాధ్యాయుని సమక్షంలో, ఆరుబయట, చిన్నముక్కతోనే చేయాలి.

నీలి లేజర్ కంటిలోని రెటీనాను క్షణంలో కాల్చగలదు. పరారుణ లేజర్ కనుగుడ్డు ముందుపొరను కాలుస్తుంది. మామూలు చలువ కళ్లద్దాలు రక్షణ ఇవ్వవు. ఆ తరంగదైర్ఘ్యానికి తగినవే ఉండాలి. మూత తెరవగానే లేజర్ ఆగిపోయే యంత్రం అన్నిటికన్నా మంచిది. యంత్రం నడుస్తుండగా వదిలి వెళ్లకూడదు. కొయ్య అంటుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

ముందు నేర్చుకొని, తర్వాత కొనాలి

పుణె జిల్లా పాబల్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమంలో 2002లో ఫ్యాబ్ ల్యాబ్ వెలిసింది. ఇటువంటి ఉమ్మడి ప్రయోగశాలలో, ఒకరు కొనలేని యంత్రాన్ని పదిమంది వాడుకొంటారు. హైదరాబాదులో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ కూడా ఈ కోవకు చెందినదే. అవకాశముంటే తాను కోయదలచిన కొయ్యను, వెదురును ముందు ఇలాంటిచోట కోసి చూసుకోవాలి.

మన చింతలనార్ యువకుడు డబ్బును మూడు భాగాలుగా ఆలోచించాలి: యంత్రానికి కొంత, పొగను బయటికి లాగే ఫ్యానుకు, గొట్టానికి కొంత, కళ్లద్దాలకు, మంటలార్పే సిలిండరుకు కొంత. చివరి రెండిటికీ మిగలకపోతే, ఆ యంత్రం తన శక్తికి మించినదని గ్రహించి చిన్నదాన్ని ఎన్నుకోవాలి. చెడిన పలకను మళ్లీ కొనుక్కోవచ్చు, పోయిన చూపును కొనలేం.