జడలు కట్టిన జుట్టు

మాచ్‌ఖండ్ అను పేరుతో ఎగువ కొండలలో ప్రవహించిన నది దిగువకు వచ్చి సీలేరగును. ఆ సీలేరు శబరిలో కలియును. శబరి కూనవరము వద్ద గోదావరిని చేరును. శబరి యనగానే మనకు పండ్లు జ్ఞప్తికి వచ్చునే కాని, జుట్టు జ్ఞప్తికి రాదు. నిజమునకు ఎంగిలి పండ్ల కథ వాల్మీకిలో లేదు. జటలు మాత్రము కలవు. అరణ్యకాండమున ఆ వృద్ధ తాపసి నారచీరతో, కృష్ణాజినముతో, జడలు కట్టిన శిరస్సుతో మనకు కనబడును.

అదే నదికి ఎగువన, నేటి ఒడిషాలోని మల్కనగిరి జిల్లా కొండలలో నివసించు బోండా స్త్రీలకు తల నున్నగా గొరిగించుకొని తాటాకు పట్టీలు, పూసలు ధరించుట పూర్వాచారము. స్నానమాడుచున్న సీతను చూచి నవ్వినందున ఆమె శపించినదని వారి కథ. వెరియర్ ఎల్విన్ 1950లో ఈ జాతినిగూర్చి పెద్ద గ్రంథమే ప్రకటించెను. ఒకే యేటి పొడవున, ఒకే రామకథ నీడలో, ఒకచోట జటలు, ఒకచోట బోడితల!

జటలు వాటంతట అవియే కట్టునా, కట్టించుకొనవలెనా? రామాయణమునందే దీనికొక సమాధానమున్నది. గంగాతీరమున గుహునిచేత మఱ్ఱిపాలు తెప్పించి రామలక్ష్మణులు జడలు కట్టుకొనిరి. రాజకుమారుల నున్నని జుట్టు ఒక్క పూటలో జటగా నిలువవలెనన్న జిగురు కావలసివచ్చినది. తొందర లేనివానికి ఆ పాలతో పనిలేదు. దువ్వెనను పక్కన పెట్టిన చాలును. తక్కిన పనిని కాలమే చేయును.

ఆ పని జరుగు విధము తెలిసికొనదగినది. మన తలపై సుమారు లక్ష వెంట్రుకలుండును. అందులో దినమునకు యాభైనుండి నూరు వరకు రాలుట సహజము. దువ్వుకొనువారికి అవి దువ్వెనలో వచ్చును. వెనుకటి ఇల్లాండ్రు వాటిని ఉండచుట్టి చూరులో దోపి, తగినంత పోగైన పిదప సవరము కట్టించుకొనెడివారు. జట పెంచువాని తలలో రాలిన వెంట్రుక నేలను చేరదు. ఇరుగుపొరుగు వెంట్రుకలలో చిక్కుకొని అక్కడనే ఉండిపోవును. వెంట్రుకపై చేపపొలుసులవంటి సన్నని పొరలు కుదురునుండి కొనవైపునకు తిరిగి యుండును. రాపిడి కలిగినపుడు అవి ఒకదానినొకటి పట్టుకొని, వెంట్రుకలను లోనికి లాగికొనును. గొఱ్ఱె ఉన్ని తడిసి, నలిగి, కంబళియై బిగియుటకు కారణమిదియే. అనగా జటకు దేహమిచ్చునవి చాలవరకు చచ్చిన వెంట్రుకలే.

కావున జట పెంచువారిని మొదటి సంవత్సరమున మిక్కిలి వేధించు ఆ విడివెంట్రుకలు శత్రువులు కావు. నుదుటిపై రేగునవి కొన్ని. మెడవద్ద కొత్తగా మొలచి పొట్టిగా నిలుచునవి కొన్ని. ఏ పాయకును చెందక మధ్య తేలునవి మరికొన్ని. అద్దము ముందు నిలిచి వీటన్నిటిని ఒక్కరోజున అణచవలెనని మైనము పూయువారు కలరు. ఆ మైనము ధూళిని పట్టును, కడిగినను వదలదు. కొక్కెపు సూదితో లోనికి గ్రుచ్చువారును కలరు. దానివలన వెంట్రుకలు తెగి, కొత్త విడివెంట్రుకలు పుట్టును. మేలైన పద్ధతి సులభమైనది. తల కడిగి ఆరిన పిదప పొట్టివానిని వదలివేసి, పొడవైనవానిని దగ్గరి పాయ చుట్టు వ్రేలితో తిప్పి, అరచేతుల నడుమ వత్తిని నలిపినట్లు నలుపవలెను. కుదుళ్ళవద్ద రెండు పాయలు కలిసిపోకుండ అప్పుడప్పుడు విడదీయవలెను. మిక్కిలి బిగించినచో నుదుటి అంచున జుట్టు ఊడి బట్టతల వచ్చును. వంకుల జుట్టు త్వరగా కట్టును. తిన్నని జుట్టునకు ఒకటి రెండేండ్ల ఓర్పు కావలయును.

సీలేరువంటి చోట మరియొక చిక్కు కలదు. జ్యేష్ఠమునుండి ఆశ్వయుజమువరకు ఆ అడవులలో ఆరవేసిన బట్టయే ఆరదు. ఇక బొటనవ్రేలి లావు జట మాట చెప్పనేల? లోపల తేమ నిలిచిన కంపు పుట్టును, బూజు పట్టును. జట పెంచువారు స్నానమే మానవలెనన్నది మాత్రము వట్టి అపోహ. శుభ్రమైన జుట్టే జిడ్డు జుట్టుకంటె బాగుగా ముడివడును. అందుకు కావలసిన కుంకుళ్ళు, శీకాయ ఆ మన్యమునందే లభించును; 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ వాటిని గిరిజనులనుండి కొనుచున్నది. ఎండ కాచిన దినమున ఉదయమే తల కడుగుకొనుట, తడి జుట్టును ముడివేయకుండుట, ఈ రెండు చాలును.

ఇంతవరకు కోరి పెంచుకొన్న జటల మాట. కోరకయే వచ్చిన జటల సంగతి వేరు. ఒక బాలిక తలలో చిక్కుపడి నాలుగు వెంట్రుకలు గట్టిపడినచో అమ్మవారు వెలసినదని పెద్దలు చేతులు జోడించుట మన దేశమున పలుచోట్ల కలదు. ఎల్లమ్మ పేరున అటువంటి పిల్లలను జోగినులుగా విడిచిన దురాచారము తెలుగు నేలకును తెలియును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1988లో దానిని నిషేధించుచు చట్టము చేసెను. 1989లో ఏర్పడిన మహారాష్ట్ర అంధశ్రద్ధా నిర్మూలన సమితి కార్యకర్తలు వందలాది స్త్రీలను ఒప్పించి, అట్టి బరువైన జటలను కత్తిరించిరి. అందులో కష్టమైనది కత్తెర పని కాదు, ఒప్పించుటయే. పోలండు దేశమునందును జట తీసివేసినచో రోగము ముదురునని జనులు భయపడుచుండగా, పందొమ్మిదవ శతాబ్దమున యోసెఫ్ డీట్ల్ అను వైద్యుడు ఆ భ్రమతో పోరాడెను. దైవభయమైనను, రోగభయమైనను, చిక్కు ఒక్కటియే: తన తలపై తనకు చెల్లుబడి లేకుండుట. శబరి జటలు ఆమె తపస్సు. ఎనిమిదేండ్ల పిల్లకు అది తీర్పు.

చిత్రమేమనగా, నున్నగా దువ్వి పూలు ముడుచు అల్లికకును మనము వాడు ‘జడ’ అను మాట, ఈ జట నుండియే వచ్చినది.

జటలు వలదనుకొన్నవారు అన్నిటిని కత్తిరింపనక్కరలేదు. నూనెతో నానబెట్టి, కొననుండి కుదురువైపునకు కొద్దికొద్దిగా విప్పుకొనవచ్చును. దినముల తరబడి పట్టును. అప్పుడు గుప్పెళ్ళకొలది జుట్టు చేతిలోనికి రాగా, తల బోడియగుచున్నదని చాలమంది గుండె చేతబట్టుకొందురు. దినమునకు నూరు చొప్పున లెక్కించిన ఏడాదికి ముప్పదియారు వేల అయిదు వందల వెంట్రుకలు. అవి ఆనాడు ఊడినవి కావు. ఎప్పుడో రాలి, ఇన్నాళ్ళు పోకుండ నిలిచినవి.